కౌన్సెలర్ గదిలో చెప్పిన మాట ఎవరిది?

ఈ నెల అందిన ఉత్తరాలలో ఆరింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. రాసినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా ఊరి పేర్లు తీసివేసి, ఒకటి రెండు వివరాలు మార్చాను. పైకి ఆరు రకాల ప్రశ్నలుగా కనిపించినా అందరిదీ దాదాపు ఒకటే సందేహం: ఈ హెచ్‌ఐవీ జబ్బు సంగతి ఎవరికి తెలియాలి, ఎవరి నోట తెలియాలి? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆసుపత్రులలో చాలా ఏళ్లు కౌన్సెలర్‌గా పనిచేసిన నాకు, మందుల గురించి అడిగినవారికంటే ఈ సందేహంతో వచ్చి కుర్చీ అంచున కూర్చున్నవారే ఎక్కువగా గుర్తున్నారు.

ప్రశ్న: నాకు ఇరవై మూడేళ్లు. ఇప్పుడు నాలుగో నెల. మా పీహెచ్‌సీలో రక్తం తీసి జిల్లా ఆసుపత్రికి పంపారు. అక్కడ మళ్లీ పరీక్షించి పాజిటివ్ అన్నారు. మా అత్తగారు నా వెంటే ఉంటే, కౌన్సెలర్ మేడమ్ ఆమెను ఓపీ చీటీ మీద ముద్ర వేయించుకు రమ్మని పంపి, నాకు ఒక్కదానికే చెప్పారు. నా భర్త సూరత్‌లో పని చేస్తారు, దసరాకు వస్తారు. ఆయనకు చెబితే తప్పు నాదేనంటారు. చెప్పకపోతే బిడ్డ ఏమవుతుంది?
— సోంపేట ప్రాంతం నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు బిడ్డ సంగతి చెబుతాను, దానికి గడువుంది. భర్తకు చెప్పే విషయంలో నాలుగు రోజులు ఆలోచించుకోవచ్చు గానీ, మందు మొదలుపెట్టడానికి దసరా దాకా ఆగే వీలు లేదు. ఏ చికిత్సా లేనప్పుడు కడుపులో ఉండగానో, కాన్పులోనో, పాలిచ్చే కాలంలోనో తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 వరకు ఉంటుంది. తల్లి వేళ తప్పకుండా ఏఆర్‌టీ మందు, అంటే హెచ్‌ఐవీని అణచే మందు, వేసుకుని, పుట్టిన బిడ్డకు కూడా మందు పట్టిస్తే అది 5 కంటే తగ్గుతుంది. మీలాగా తొలి నెలల్లోనే మొదలుపెట్టి, కాన్పు నాటికి రక్తంలో వైరస్ కనబడని స్థాయికి దించుకున్నవారిలో ఇంకా చాలా తక్కువ. ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాలలో ఇప్పుడు పెద్దవారికి మామూలుగా ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే బిళ్ళ, రోజుకు ఒకసారి, ఉచితంగా. గర్భిణిగా మీకు ఇచ్చే ఐరన్, కాల్షియం బిళ్ళలను దీనితో కలిపి పరగడుపున మింగకండి, అవి డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. దీనిని రాత్రి పడుకునే ముందుకు పెట్టుకుని, మిగిలినవి పగటిపూట కానిచ్చుకుంటే ఇబ్బంది ఉండదు.

కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. హెచ్‌ఐవీ ఉన్నంత మాత్రాన ఆపరేషన్ చేసి తీరాలన్న నియమం ఏదీ లేదు. పుట్టిన బిడ్డకు కనీసం ఆరు వారాల పాటు నెవిరాపిన్ చుక్కలు వేస్తారు. మీ పాలే ఇవ్వండి, ఆరు నెలలు ఆ పాలు తప్ప మరేదీ వద్దు. పురిటి గదిలో నాలుకకు తేనె రాసే పెద్దమ్మలను మాత్రం మీరు ముందుగానే మెత్తగా ఆపుకోవలసి ఉంటుంది. ఆరో వారంలో బిడ్డ మడమ నుంచి నాలుగు బొట్లు కాగితం మీద ఆరబెట్టి పరీక్షకు పంపుతారు. అందులో ఏమీ లేదని వచ్చినా ఊరుకోకుండా, 18 నెలలు నిండాక చేసే పరీక్ష దాకా తీసుకువెళ్లాలి, చివరి మాట అప్పుడే తేలుతుంది.

ఇక మీ వారి సంగతి. మన ఊళ్లలో ఒక లెక్క ఉంది: ముందు పరీక్షలో బయటపడినవారే ముందు జబ్బు తెచ్చుకున్నవారు. గర్భం కాబట్టి మీ రక్తం పరీక్షకు వెళ్లింది, ఆయన రక్తం వెళ్లలేదు, అంతకు మించి ఆ చీటీ ఏమీ చెప్పదు. ఎవరి నుంచి ఎవరికి అన్నది ఏ పరీక్షా చెప్పదని ఆయనకు చెప్పవలసింది మీరు కాదు, కౌన్సెలర్. మీ అనుమతి లేకుండా ఆమె మీ అత్తగారికి గానీ, ఆశా కార్యకర్తకు గానీ, మరెవరికి గానీ చెప్పకూడదు. 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలవుతున్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. భర్తకో భార్యకో ముప్పు ఉన్నప్పుడు, రోగి తాను చెప్పనని భీష్మించుకుంటే, ఆ మాట రోగికి ముందుగా తెలియజేసి డాక్టరు గానీ కౌన్సెలర్ గానీ భాగస్వామికి స్వయంగా చెప్పడానికి అదే చట్టం వీలిచ్చింది. అయితే చెప్పినందువల్ల ఆడమనిషికి దెబ్బలు తగులుతాయనో, ఇంట్లోంచి గెంటేస్తారనో సహేతుకమైన భయం ఉంటే ఆమె భర్తకు చెప్పకూడదని కూడా అందులోనే రాసి ఉంది. మీకు అటువంటి భయం ఉంటే కౌన్సెలర్‌తో దాచుకోకుండా చెప్పండి.

నా సలహా అడిగితే, ఫోనులో చెప్పకండి. ఆయన వచ్చాక, కాన్పు పరీక్షలలో భాగంగా తండ్రి రక్తం కూడా చూస్తారన్న మాటతో ఆసుపత్రికి తీసుకువెళ్లండి, అది అబద్ధం కాదు, ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ జరిగే ప్రభుత్వ కేంద్రంలో, నిజంగానే చేస్తారు. ఆయన ఫలితం ఏదైనా, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పే భారం కౌన్సెలర్ మీద వేయండి. ఆయన రక్తంలో ఇప్పుడు ఏమీ కనబడకపోతే మూడు నెలలకు మరోసారి చూపించాలి. అంతవరకు కండోమ్ తప్పదు. ముద్ర కోసం అత్తగారిని బయటకు పంపిన ఆ మేడమ్‌కు ఈ పని తెలుసని నాకు అనిపిస్తోంది.

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సును. మా దగ్గర హెచ్‌ఐవీ ఉన్న రోగి కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో పెద్దగా రాసి, మంచం కాళ్ల వైపు తగిలిస్తారు. చూడటానికి వచ్చిన బంధువులందరూ చదువుతారు. అది తప్పు కదా అంటే, మన రక్షణ కోసమేనని సీనియర్లు అంటారు. ఎవరి మాట సరైనది?
— విజయనగరం నుంచి ఒక నర్సు

జవాబు: మీ మాటే సరైనది, దానికి రెండు కారణాలు చెప్పి వదిలేయవచ్చు గానీ, మీ సీనియర్లకు చూపించడానికి లెక్కలు కూడా రాస్తున్నాను. ఎర్ర సిరా వల్ల రక్షణ ఉంటుందనుకోవడంలోనే ప్రమాదం ఉంది. వార్డులోకి వచ్చిన ఇరవై మందిలో పరీక్ష చేయించుకున్నవారెందరు? చేయించుకున్నా, వైరస్ సోకిన తొలి వారాలలో పరీక్షకు అందనివారు ఉండరా? ఎర్ర సిరా ఉన్న మంచం దగ్గర చేతికి తొడుగు వేసుకుని, లేని మంచం దగ్గర వట్టి చేత్తో రక్తం తీసే నర్సుకే సూది గుచ్చుకుంటుంది. హెచ్‌ఐవీ ఉన్న రక్తంతో సూది గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యికి 3. టీకా వేయించుకోనివారికి హెపటైటిస్ బి విషయంలో అది నూటికి 30 దాకా వెళుతుంది. అయినా హెపటైటిస్ బి అని మంచానికి ఎర్ర సిరాతో రాయడం నేను ఎక్కడా చూడలేదు. అందరి రక్తాన్నీ ఒకేలాగా భావించి జాగ్రత్త పడాలన్నది అందుకే పుట్టిన నియమం.

ఎప్పుడైనా సూది గుచ్చుకుంటే వేలు పిండవద్దు, నోట్లో పెట్టుకోవద్దు. సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, వెంటనే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. నివారణ మందు మొదటి రెండు గంటల్లో అందితే మేలు, 72 గంటలు దాటితే పనికిరాదు, 28 రోజులు వాడాలి.

మంచానికి తగిలించిన ఆ కాగితం చట్టరీత్యా కూడా తప్పే. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే ఆసుపత్రిలో ఇటువంటి ఫిర్యాదులు వినడానికి ఒక అధికారి ఉండాలని, రాష్ట్రానికి ఒక అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించి తేల్చే అధికారి) ఉండాలని, వచ్చిన ఫిర్యాదు మీద 30 రోజులలో ఉత్తర్వు ఇవ్వాలని చట్టం అంటుంది. ఉద్యోగం చేస్తున్నచోట ఫిర్యాదు అనడం నాకు తేలికే, మీకు కష్టమని తెలుసు. ముందుగా ఆ షీటును మంచం మీద నుంచి నర్సుల బల్ల సొరుగులోకి మార్పించండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నేనూ ఒకసారి ఎర్ర సిరా పని చేశాను. పనిలో చేరిన కొత్తలో, ఓపీ ముందు నిలబడిన ఒకాయనను దూరం నుంచి పేరు పెట్టి పిలిచి, ‘మీరు ఏఆర్‌టీకి కదా, ఇటు రండి’ అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, తలపాగా విప్పి చేతిలోకి తీసుకుని, గేటు వైపు నడిచారు. నాలుగు నెలలు మందుకు రాలేదు. ఆ తర్వాత వచ్చినప్పుడు క్షయ కూడా పట్టుకుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో తాపీ పని. ఒక్క గదిలో ఐదుగురం ఉంటాం. బస్సులో కూడా మందు డబ్బా గలగలమంటే అందరూ చూస్తున్నట్టు ఉంటుంది. నెలనెలా ఊరికి రావడం కుదరక మధ్యలో మందు తప్పుతోంది. ఏం చేయమంటారు?
— రాజాం వైపు నుంచి ఒక సోదరుడు

జవాబు: తమ్ముడూ, డబ్బాలో ఖాళీ ఉన్నచోట దూది కూరండి, చప్పుడు ఉండదు, ఈ ఉపాయం నాకు చెప్పింది పలాస జీడిపప్పు పనికి వెళ్లే ఒకావిడ. పైనున్న చీటీని గీకేసుకోండి గానీ, బిళ్ళలను కాగితంలో పొట్లం కట్టుకోవద్దు, తేమను పీల్చే చిన్న సంచిని పారేయవద్దు. మీ కేంద్రంలో బదిలీ పత్రం రాయించుకుంటే హైదరాబాద్‌లోనే మందు తీసుకోవచ్చు. అక్కడ ఎవరైనా తెలిసినవారు కనబడతారన్న భయం ఉంటే, నిలకడగా వాడుతున్నవారికి రెండు మూడు నెలలకు సరిపడా మందు ఒకేసారి ఇస్తారేమో మీ కౌన్సెలర్‌ను అడగండి. ‘తప్పుతోంది’ అన్న మాట మాత్రం ఆమెకు దాచకండి, తిడతారని చాలామంది దాస్తారు. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మర్నాడు రెండు వేయవద్దు.

ప్రశ్న: మాది ఉద్దానం. నాన్నకు యాభై రెండేళ్లు, కొబ్బరి తోటల్లో పని. పెట్టెలో ఏఆర్‌టీ పుస్తకం కనబడితే నాకు తెలిసింది. కిడ్నీ పనితీరు చూసే రక్త పరీక్షలో క్రియాటినిన్ 2.1 వచ్చిందని మందు మార్చినట్టు అందులో రాశారు. కిడ్నీ పోతోంది కాబట్టి తక్కువ రకం మందు ఇచ్చి వదిలించుకుంటున్నారా? రేపు డయాలసిస్ దాకా వస్తే అక్కడ ఈ సంగతి చెప్పాలా?
— కవిటి ప్రాంతం నుంచి ఒక కుమారుడు

జవాబు: బాబూ, పుస్తకం మీకు కనబడింది, నాన్నగారు మీకు చెప్పలేదు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను పక్కన పెట్టి మందు గురించి మాట్లాడితే నా జవాబు సగమే అవుతుంది కనుక, దానికి చివర వస్తాను.

మందు మార్చినవారు మంచి పని చేశారు. టెనోఫోవిర్ మూత్రపిండాల ద్వారానే బయటకు పోయే మందు, కొందరిలో వాటిమీద భారం పెడుతుంది. అందుకే మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ చూస్తారు, తర్వాత కూడా మధ్యమధ్యలో చూస్తూ ఉంటారు. మూత్రపిండాలు తగినంత వడపోయడం లేదని తేలితే దానిని తీసేసి సాధారణంగా అబాకావిర్ ఇస్తారు. వైరస్‌ను అణచడంలో ఇది రెండో రకం మందేమీ కాదు. పక్కింటాయన బిళ్ళ, నాన్నగారి బిళ్ళ వేరుగా ఉన్నాయని పోల్చుకోవద్దు. ఇంకొక మాట: డోలుటెగ్రావిర్ మొదలైన కొత్తలో కిడ్నీకి హాని లేకుండానే క్రియాటినిన్ అంకె కొంచెం పైకి కనిపిస్తుంది. అయితే 2.1 అన్నది ఆ కొంచెంలోకి రాదు, మీ ప్రాంతంలో ఆ అంకెను ఎవరూ తేలికగా తీసుకోకూడదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాలలో కిడ్నీ జబ్బు హెచ్‌ఐవీతో సంబంధం లేకుండానే ఎన్ని ఇళ్లను ఖాళీ చేసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కాబట్టి ఏఆర్‌టీ డాక్టరుకు ‘మాది ఉద్దానం’ అన్న మాట, పలాస కిడ్నీ ఆసుపత్రిలో డాక్టరుకు ‘ఏఆర్‌టీ వాడుతున్నాను’ అన్న మాట నాన్నగారు చెప్పితీరాలి. మందుల మోతాదులు దానిని బట్టే ఉంటాయి. తోట పని చేసి వచ్చి మందుల షాపులో కొనుక్కునే ఒళ్లు నొప్పుల బిళ్ళలు ఈ రోజే మానిపించండి. రోజూ వేసే ఏఆర్‌టీ కంటే వాటికే నేను ఎక్కువ భయపడతాను.

డయాలసిస్ అవసరమైతే, హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో చేయబోమనడం చట్టం ప్రకారం వివక్ష. అక్కడ డాక్టరుకు చెప్పాలి, పక్క మంచం వారికి అక్కర్లేదు.

ఇప్పుడు పుస్తకం సంగతి. మీకు తెలిసినట్టు ఆయనకు తెలియదు. మందు పేరుతోనో, చట్టం పేరుతోనో మాట మొదలుపెడితే ఆయన ముందు కొడుకు నిలబడి విచారణ చేస్తున్నట్టు ఉంటుంది. ఎలా వచ్చిందని అడగవద్దు, అది నేను కూడా ఎన్నడూ అవసరానికి మించి అడగలేదు. రక్త పరీక్ష తేదీ అడిగి, ఆ రోజు బండి మీద నేను తీసుకువెళతానని చెప్పి చూడండి. వద్దంటే ఇంకొక నెల ఆగండి. సరేనంటే, ఆసుపత్రి మెట్ల దగ్గర ఆయనే చెబుతారు.

ప్రశ్న: మా తమ్ముడికి ఇరవై ఎనిమిదేళ్లు. నాలుగేళ్లుగా మందు వాడుతున్నాడు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) కనబడటం లేదన్నారు. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. సిరిమాను పండుగ కాగానే సంబంధం ఖాయం చేయాలని అమ్మా నాన్నా తొందరపడుతున్నారు. అమ్మాయి తరఫువారికి నేనే రహస్యంగా చెప్పేయమంటారా?
— విజయనగరం నుంచి ఒక అక్క

జవాబు: వద్దమ్మా. అమ్మాయి తరఫువారికి చెప్పారంటే వారం తిరిగేలోగా పైడితల్లి గుడి దగ్గర అందరి నోటా అదే మాట ఉంటుంది, అమ్మాయికి మాత్రం అది చిట్టచివర చేరుతుంది. చెప్పవలసినవాడు మీ తమ్ముడు, వినవలసినది ఆ అమ్మాయి. మధ్యలో ఉన్న మామయ్యలకు, పేరయ్యలకు ఇందులో హక్కు లేదు.

అయితే చెప్పకుండా పెళ్లి చేసుకుంటానని అతడంటే నేను అతడి పక్షాన నిలబడను. వైరస్ కనబడని స్థాయిలో నిలకడగా ఉన్నంతకాలం అతడి నుంచి భార్యకు సంపర్కం ద్వారా సోకదు, వైద్యశాస్త్రం దీనిని గట్టిగానే తేల్చింది. పిల్లలను కూడా ఆరోగ్యంగా కనవచ్చు. ఇదంతా అతడికి ధైర్యంగా చెప్పుకోవడానికి పనికివచ్చే విషయం, దాచడానికి సాకు కాదు. తన స్థితి తెలిసి, కౌన్సెలింగ్ కూడా పొందినవారు సంపర్కానికి ముందే భాగస్వామికి చెప్పడం వంటి జాగ్రత్తలు తీసుకోవాలని చట్టం వారిమీద బాధ్యత పెట్టింది. హెచ్‌ఐవీ ఉన్నవారికి పెళ్లి హక్కే లేదన్నట్టు 1998లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో వ్యాఖ్యానించి, 2002లో ఆ వ్యాఖ్యలను పక్కన పెట్టింది. అంటే పెళ్లి చేసుకోవచ్చు, చెప్పి చేసుకోవాలి.

ఎలా చెప్పాలో అతడికి తెలియకపోతే, ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్ దగ్గర ముందుగా మాటలు సాధన చేయవచ్చు. నవ్వకండి, మేము చేయిస్తాము. నేను అమ్మాయిగా ఎదురు కుర్చీలో కూర్చుంటాను, అబ్బాయి చెబుతాడు, నేను అడగగల ప్రశ్నలన్నీ అడుగుతాను. మూడోసారికి గొంతు కుదురుకుంటుంది. అమ్మాయి కాదంటే ఆ సంబంధం పోతుంది, అది నిజం. మరొకరు ఒప్పుకోవచ్చు, హెచ్‌ఐవీ ఉన్న ఇద్దరు ఒకరినొకరు తెలిసి పెళ్లి చేసుకుని పిల్లలతో మందుకు వచ్చే జంటలు మా దగ్గర ఉన్నారు. ఈలోగా ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది: ‘వాడు ఇంకో ఏడాది ఆగుతానన్నాడు’ అని అమ్మా నాన్నల చెవిన వేసి వ్యవధి సంపాదించండి.

ప్రశ్న: నా కొడుకూ కోడలూ పోయారు. మనవరాలికి పదమూడేళ్లు, పుట్టినప్పటి నుంచి ఈ జబ్బే. బలం మందు అని చెప్పి వేస్తున్నాను. మొన్న డబ్బా మీద రాసింది చదివి, ఎవరి ఫోనులోనో చూసిందట, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పిల్లకు ఇప్పుడే చెప్పాలా? గుండె పగిలి ఏమైనా చేసుకుంటే?
— చీపురుపల్లి వైపు నుంచి ఒక నాయనమ్మ (రాసింది పక్కింటి అమ్మాయి)

జవాబు: అమ్మా, ఆరేడేళ్ల వయసు నుంచే పిల్లల అవగాహనను బట్టి కొంచెం కొంచెంగా చెప్పుకుంటూ వచ్చి, పన్నెండేళ్లు దాటే లోపల జబ్బు పేరు చెప్పడం మా పద్ధతి. మీరు ఆలస్యం చేశారని నిందించడానికి ఇది రాయడం లేదు. కొడుకునూ కోడలినీ పోగొట్టుకుని, ఒంటి చేత్తో పిల్లకు ఇన్నేళ్లు మందు తప్పకుండా వేసిన మనిషిని ఏమని నిందించను? కానీ ఇప్పుడు మీరు చెప్పేవరకూ పిల్ల ఆగుతోందని అనుకోకండి. పదమూడేళ్ల పిల్ల డబ్బా మీది పేరు ఫోనులో వెతికిందంటే, చాలావరకు తెలిసిపోయింది. తెలియనిది ఒకటే, మీతో ఆ మాట ఎత్తవచ్చా కూడదా అన్నది. ఆ రెండు రోజులు అందుకే మాట్లాడలేదు. ఇలా తెలిసీ తెలియకుండా వదిలేసిన పిల్లలే ఆ వయసులో మందు చాటుగా పారేయడం నేను చూశాను.

వచ్చే మందు తేదీకి ఆగకుండా రేపే కేంద్రానికి ఫోను చేయించి, ‘పిల్లకు చెప్పాలి, సమయం ఇవ్వండి’ అని కౌన్సెలర్‌ను అడగండి. కేంద్రానికి ఫోను కలవకపోతే 1097కు చేయండి, ఖర్చు లేదు. వెళ్లిన రోజు ముందు మీరొక్కరే ఆమెతో కూర్చోండి, తర్వాత పిల్లను పిలుస్తారు. అమ్మా నాన్నా ఎలా పోయారని పిల్ల అడుగుతుంది, అందుకు మీరు సిద్ధపడి వెళ్లాలి, అప్పుడు ఏదో జ్వరంతో పోయారని మాట దాటేయవద్దు. వేళకు మందు వేసుకుంటే చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఉంటాయన్న మాట కౌన్సెలర్ చెబుతారు. బడిలో ఎవరికీ చెప్పనక్కర్లేదన్న మాట కూడా ఆమే చెబుతారు. ఏమైనా చేసుకుంటుందేమోనన్న భయాన్ని కూడా ఆమెకు విడిగా చెప్పండి, తర్వాతి వారాలలో పిల్లను మళ్లీ మళ్లీ పిలిపించి చూస్తారు.

ఈ రాత్రికి చేయవలసింది వేరే ఉంది. మందు వేసే వేళకు ‘బలం మందు’ అనకుండా, డబ్బా పిల్ల చేతికే ఇచ్చి, ‘దీని మీద ఏం రాసుందే, నాకు చదివి చెప్పు’ అని అడగండి. ఆ తర్వాత తను ఎంతసేపు ఊరుకుంటే మీరూ అంతసేపు పక్కనే కూర్చోండి.